సముద్రం కోసేస్తున్న ఊళ్లో బొమ్మ కంటే గీత మేలు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఉప్పాడకు దగ్గర్లో ఉన్న మీ ఊరిని సముద్రం ఏటా కొంచెం కొంచెం కోసేస్తోంది. ఊళ్లో కుర్రాళ్లంతా కలిసి 2 లక్షల రూపాయలు పోగుచేశారు. లండన్ నదిలో మునిగి తేలే గుర్రాల బొమ్మలు, వెనిస్‌లో నీళ్లలోంచి పైకి లేచిన పెద్ద చేతులు ఫోన్లో చూశారు. అలాగే మీ ఒడ్డున కూడా మునిగిపోతున్న మనుషుల బొమ్మలు నీళ్లలో నిలబెట్టాలని ఉంది. సామగ్రి ఏది వాడాలి, ఎన్నాళ్లు నిలుస్తుంది అని అడిగారు.

సూటిగా చెబుతాను. నీళ్లలో బొమ్మ పెట్టకండి. ఆ డబ్బుతో ఊరి గోడల మీద గీత గీయండి. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో, ఇకముందు ఎక్కడిదాకా రాగలవో చూపించే గీత. అది బొమ్మ కంటే ఎక్కువ కాలం ఉంటుంది, ఎక్కువమందికి పనికొస్తుంది, ఎవరి పడవకూ అడ్డం రాదు.

నేను 26 ఏళ్లుగా ఆరుబయట నిలబడే పనులే చేస్తున్నాను. సిమెంటు విగ్రహాలతో మొదలుపెట్టి, గోడ బొమ్మలకూ టైల్స్ ముక్కల పనులకూ వచ్చాను. వాటిలో పదీ పన్నెండు గోదావరి గట్ల మీద, సముద్రం ఒడ్డున చేసినవి. ఆ అనుభవంతోనే ఈ మాట అంటున్నాను.

ముందు మీరు చూసిన పనుల సంగతి. లండన్ గుర్రాలు జేసన్ డికెయిర్స్ టేలర్ చేసినవి. 2015లో థేమ్స్ నదిలో వాక్సాల్ దగ్గర పెట్టారు. నాలుగు గుర్రాలు, వాటి మీద నలుగురు మనుషులు. గుర్రాల తలలు మాత్రం చమురు తోడే పంపుల ఆకారంలో ఉంటాయి. పోటుకు మునిగేవి, నీళ్లు తీసినప్పుడు మళ్లీ బయటపడేవి. ఎవరూ వివరించనక్కర్లేని గొప్ప పని అది. కానీ అందులో సగం పని థేమ్స్ నది చేసింది. పెద్ద పోట్ల రోజుల్లో అక్కడ నీటిమట్టం ఆరేడు మీటర్లు లేచి దిగుతుంది. విరిగే కెరటాలు ఉండవు. మన తీరంలో అమావాస్య, పున్నమి రోజుల్లో కూడా ఆటుకీ పోటుకీ తేడా ఒకటిన్నర మీటరు ప్రాంతంలోనే ఉంటుంది. గుర్రం నిండా మునిగి నిండా తేలే దృశ్యం మనకు దొరకదు. పైగా మనది కెరటాలు విరిగే ఒడ్డు. నీళ్లలో కాసేపు నిలబడితే మడమల కింద ఇసుక జారిపోతుంది కదా, బొమ్మ దిమ్మె కింద కూడా రాత్రింబవళ్లు అదే జరుగుతుంది. కొన్ని నెలలకే ఒరుగుతుంది, ఒక్క తుపానుకు బోర్లా పడుతుంది.

వెనిస్ చేతులు లొరెంజో క్విన్ 2017లో గ్రాండ్ కెనాల్‌లో నిలబెట్టారు. సుమారు 9 మీటర్ల ఎత్తు. ఒక పాత హోటల్ గోడ పడిపోకుండా పట్టుకున్నట్టు ఉంటాయి. చూపుకు పాలరాయిలా ఉన్నా అది పాలియురేథేన్ నురుగు మీద వేసిన రెజిన్ పూత. మరుసటి ఏడాది దాన్ని తీసేశారు. కాలువ నీళ్లు కాబట్టి ఆ కొద్దికాలానికి సరిపోయింది. మన కెరటాల్లో ఆ పూత పగిలితే లోపలి నురుగంతా ముక్కలై వలల్లోకి, చేపల కడుపుల్లోకి పోతుంది.

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం పడవల గురించి. తెల్లవారుజామున చీకట్లో పోటు మీద ఒడ్డుకు వచ్చే బోటుకు, నీటికి అడుగు కింద దాగి ఉన్న కాంక్రీటు తల కనిపించదు. వలలు చిక్కుకోవడం సరే, మనిషే పోవచ్చు. సముద్రం వల్ల నష్టపోతున్న వాళ్ల కోసం మనం చేసే పని, వాళ్లకే ప్రమాదం కాకూడదు. ఒడ్డున ఏం పెట్టాలన్నా మొదట అడగాల్సింది వేటకు వెళ్లేవాళ్లనే.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. ఆటు గీతకూ పోటు గీతకూ మధ్య ఉన్న నేల సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ) నిబంధనల్లో గట్టి ఆంక్షలున్న చోటు. అక్కడ శాశ్వతంగా ఏదైనా కట్టాలంటే పంచాయతీ తీర్మానం చాలదు, రాష్ట్ర తీరప్రాంత యాజమాన్య సంస్థ దాకా వెళ్లాలి. రాత్రిపూట కనిపించాలని ఫోకస్ లైట్లు పెట్టాలనుకుంటే, అదీ వద్దు. చలికాలం నుంచి ఎండాకాలం మొదటిదాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడతాయి. గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్లలు సముద్రం మీది వెలుతురు వైపు నడవాలి. లైట్లు ఉంటే ఊరివైపు పాకి చచ్చిపోతాయి.

సిమెంటు గట్టిదే కదా అని మీరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. చాలా ఏళ్ల క్రితం ఒక బీచ్ పార్కులో చేపల బుట్ట ఎత్తుకున్న ఆడమనిషి విగ్రహం చేశాను. ఏడడుగుల ఎత్తు. లోపల 12 ఎంఎం చువ్వలు, వాటి మీద ముప్పాతిక అంగుళం సిమెంటు. మూడో వర్షాకాలానికి మోచేతి దగ్గర వెంట్రుకంత పగులు కనిపించింది. ఐదో ఏడు చెయ్యి ఊడి కింద పడింది. అదృష్టవశాత్తు కింద ఎవరూ లేరు. జరిగేది ఏమిటంటే, గాలిలోని ఉప్పు సిమెంటు రంధ్రాల్లోంచి ఇనుము దాకా చేరుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి సిమెంటును లోపలినుంచి చీల్చేస్తుంది. పైన ఎన్ని కోట్లు పెయింటు వేసినా ఆగదు. అప్పటినుంచి సముద్రం దగ్గర చువ్వ మీద రెండు మూడు అంగుళాల సిమెంటు కవరు లేకుండా, ఉక్కు ఫ్యాక్టరీ చిట్టెం కలిపిన స్లాగ్ సిమెంటు లేకుండా, మంచినీళ్లూ ఏటి ఇసుకా లేకుండా నేను పని చెయ్యలేదు. వేళ్లు, ముక్కు, చీర కుచ్చెళ్లు ఉన్న బొమ్మకు అంత కవరు ఇవ్వడం కుదరదు. 2 లక్షల్లో అసలే కుదరదు.

ఇక గీత సంగతికి వస్తాను. ఇది నా సొంత ఆలోచన కాదు, చాలాచోట్ల చేసి చూసినదే.

2007లో న్యూయార్క్‌లో ఈవ్ మోషర్ అనే కళాకారిణి ఆటస్థలాల్లో సున్నపు గీతలు వేసే బండి ఒకటి తీసుకుని వీధుల్లోకి వెళ్లింది. సముద్ర మట్టానికి 10 అడుగుల ఎత్తున్న చోట్లన్నీ కలుపుతూ, బ్రూక్లిన్, లోయర్ మన్‌హాటన్ తీరం వెంట దాదాపు 70 మైళ్లు తెల్లగా గీత గీసింది. దారినపోయేవాళ్లు ఆగి ఏం చేస్తున్నావని అడిగేవారు, ఆమె చెప్పేది. అసలు పని ఆ మాటల్లోనే జరిగింది. 2012 అక్టోబరులో శాండీ తుపాను వచ్చినప్పుడు ఆమె గీసిన వీధుల్లోకి సముద్రం నిజంగానే వచ్చింది. అప్పటికి ఆ సున్నం ఎప్పుడో కొట్టుకుపోయింది. ఆమెతో మాట్లాడినవాళ్లకు మాత్రం ఆ గీత ఎక్కడుందో గుర్తుంది కదా.

ఆ 2007లోనే అమెరికాలోని బౌల్డర్ ఊళ్లో మేరీ మిస్ అనే ఆవిడ వాగు పక్క చెట్ల మీద, గోడల మీద నీలం చుక్కలు పెట్టింది. పెద్ద వరద వస్తే నీళ్లు ఆ చుక్క దాకా ఉంటాయి. నువ్వు కింద నిలబడి తలెత్తి చూస్తావు. అంతే పని. స్కాట్లాండ్‌కు పశ్చిమాన నార్త్ యూయిస్ట్ దీవిలో ఇద్దరు ఫిన్లాండ్ కళాకారులు, పెక్కా నీటువిర్టా, టిమో ఆహో, 2018లో ఇదే పనిని తెల్లని లైటు గీతలతో చేశారు. పోటు లేచినప్పుడు సెన్సర్ల ద్వారా లైట్లు వెలిగి, తుపాను ఉప్పెన ఏ మట్టానికి వస్తుందో ఇళ్ల గోడల మీద చూపించేవి. ఫోటోలు చూడండి, ఒళ్లు గగుర్పొడుస్తుంది. కానీ మీరు లైట్ల జోలికి వెళ్లొద్దు, తాబేళ్ల సంగతి చెప్పాను కదా.

మనకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. ముగ్గుపిండితో నేల మీద గీత గీయడం మన ఆడవాళ్లకు నేర్పాలా? గోడకు సున్నం కొట్టి అడుగున జాజు పట్టీ వేయడం మన పల్లెల్లో ఉన్నదే. నీటి గీత ఆ జాజు పట్టీ లాంటిది. ఎత్తు మాత్రం మనం నిర్ణయించం, నీరు నిర్ణయిస్తుంది.

కొలతను ఒంటి కొలతలో చెప్పండి. మిల్లీమీటర్ల లెక్క ఎవరికీ మనసుకెక్కదు. 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సముద్ర మట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగిందని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ నివేదిక చెబుతోంది. అంటే జానెడుకు కాస్త తక్కువ. 2006 నుంచి 2018 దాకా ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. ఆ వేగమే 20 ఏళ్లు సాగితే బెత్తెడు. ఈ శతాబ్దం చివరికి ఎంత అన్నది ప్రపంచం పొగ ఎంత తగ్గిస్తుందన్నదాని మీద ఉంది. బాగా తగ్గిస్తే 28 నుంచి 55 సెంటీమీటర్లు, పెంచుకుంటూ పోతే 63 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా అని వాళ్ల అంచనా. మీటరు అంటే రెండు మూరల మీద బెత్తెడు. ఒక పిల్లవాడిని గోడ దగ్గరకు తీసుకెళ్లి, నీ చెయ్యి పెట్టి కొలువు అని చెప్పండి. వాడు ఇంటికి వెళ్లి అమ్మకు చెబుతాడు.

అందుకే నేను రెండు గీతలు సూచిస్తాను. కింద తెల్ల గీత: ఊళ్లో గుర్తున్న పెద్ద తుపానుకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అది. దాని పైన మూరెడు ఎత్తులో ఎర్ర గీత: సముద్ర మట్టం మూరెడు పెరిగాక అదే తుపాను వస్తే నీళ్లు సుమారుగా ఎక్కడుంటాయో అది. మూరెడు ఎందుకంటే, పై అంచనాలో తక్కువ వైపు లెక్కలోనే అది ఉంది. ఎక్కువ చేసి చెప్పారన్న మాట రాకూడదు.

ఈ మాట మీద ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. మీ ఊరి నేల పోవడానికి సముద్ర మట్టం పెరగడం ఒక్కటే కారణం కాదు. గోదావరి తెచ్చే ఒండ్రులో చాలా భాగం ఆనకట్టల వెనుకే ఆగిపోతోంది. డెల్టా నేల దానంతటది కుంగుతుంది, పైన కొత్త ఒండ్రు పడితేనే మట్టం నిలుస్తుంది. ఒడ్డు వెంబడి ప్రవాహం ఇసుకను ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోస్తూ ఉంటుంది, మధ్యలో ఏ కట్టడం అడ్డొచ్చినా ఒక పక్క పేరుకుని మరో పక్క కోత పడుతుంది. ఉప్పాడ దగ్గర జియోట్యూబ్ (ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టం) వేశారు, రాళ్లు పోశారు, అయినా బీచ్ రోడ్డు మళ్లీ మళ్లీ తెగుతూనే ఉంది. వీటన్నిటి మీదా పెరుగుతున్న సముద్రం. మీ పని కింద బోర్డులో "అంతా గ్లోబల్ వార్మింగ్ వల్లే" అని రాస్తే, తెలిసినవాడు ఒక్కడు వచ్చి జానెడు నీళ్లకు వీధులకు వీధులు ఎలా పోయాయని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు లేకపోతే మీ గీత మొత్తం అబద్ధంగా కనిపిస్తుంది. అందుకే నీటి ఎత్తు ఒక పని, పోయిన నేల ఇంకో పని అని విడదీయండి.

పోయిన నేలకు ఒక గోడ కేటాయించండి. బడి గోడో, గుడి గోడో, చర్చి గోడో, ఊరందరిదీ అయ్యేది. పెద్దవాళ్లను కూర్చోబెట్టి, సముద్రంలో కలిసిపోయిన వీధులు, బావులు, గుళ్లు, వలలు ఆరేసుకున్న మెరకలు, కొబ్బరి తోటలు, ఒక్కొక్కటే చెప్పించి పటం వేయించండి. ఒడ్డు ఇప్పుడు ఎక్కడుందో, వాళ్ల చిన్నప్పుడు ఎక్కడుండేదో రెండూ అందులో ఉండాలి. ఇది మీ డబ్బులో ఎక్కువ భాగం తినే పని, తినాల్సిన పని కూడా.

ఇప్పుడు నా అనుభవం. 2009లో కోనసీమలోని ఒక లంక ఊళ్లో 1986 వరద గీత వేశాం. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు తాకింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 53 అడుగులకు. ఊళ్లో ముసలివాళ్లను ముగ్గురిని వేర్వేరుగా అడిగాం. ఒకాయన దూలానికి జానెడు కింద అన్నాడు. ఒకావిడ అటక మీది పెట్టె తడిసిందని చెప్పింది. మూడో ఆయన తన ఇంటికి తీసుకెళ్లి, వెనక గోడ మీద సున్నం గీకి చూపించాడు. ఎన్ని పొరల కిందో బురద చార అలాగే ఉంది. అదే మాకు ఆధారం. మేస్త్రీలు వాడే, నీళ్లు నింపిన లెవెల్ పైపుతో ఆ మట్టాన్ని ఇంటినుంచి ఇంటికి మోసుకుంటూ 38 ఇళ్లకు తీసుకెళ్లాం.

2022 జూలైలో భద్రాచలంలో మళ్లీ 71 అడుగులు దాటింది. ఆ రాత్రి ఊరినుంచి ఒకతను నాకు ఫోన్ చేశాడు. "గీతకి ఇంకా మూరెడు కింద ఉందండి నీరు" అన్నాడు. టీవీలో లక్షల క్యూసెక్కుల లెక్కలు నడుస్తున్నాయి, అతనికి కావలసిన లెక్క మాత్రం గోడ మీద ఉంది. బియ్యం, పిల్లల సర్టిఫికెట్లు, పట్టాదారు పుస్తకాలు గీత పైకి చేర్చేశాం అన్నాడు. నా పనిలో అంతకంటే నాకు సంతోషం కలిగించినది ఏదీ లేదు.

అదే ఊళ్లో ఇంకొకటి కూడా జరిగింది. ఒకాయన వారం తిరక్కుండానే గీత మీద సున్నం కొట్టేశాడు. ఇంట్లో పెళ్లికెదిగిన కూతురుంది, చూడ్డానికి వచ్చినవాళ్లు ఆ గోడ చూస్తే పిల్లను చేసుకోరు అన్నాడు. అప్పుడు నాకు కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే ఆయన చెప్పిందే న్యాయం అనిపించింది. గీత వల్ల స్థలం ధర పడిపోవచ్చు, సంబంధం తప్పిపోవచ్చు. ఆ నష్టం మనం భరించం. మయామీ దగ్గర పైన్‌క్రెస్ట్ ఊళ్లో క్జేవియర్ కోర్టాడా అనే కళాకారుడు 2018లో ఇళ్లవాళ్ల చేతే తమ ఇళ్ల ముందు అంకెల బోర్డులు పెట్టించాడు. సముద్రం ఎన్నడుగులు పెరిగితే ఆ స్థలం మునుగుతుందో ఆ అంకె. ఎవరి బోర్డు వాళ్లే పెట్టుకున్నారు కాబట్టి అది నిలిచింది. ఇంటివాళ్లు ఒప్పుకోని గోడ మీద గీయకండి. దాని బదులు వీధి మొదట్లో స్తంభం మీద గీయండి.

మునిగిపోతున్న మనుషుల ముఖాలు కూడా వద్దంటాను. సముద్రం ఒడ్డు ఊళ్లో ఒకసారి అలాంటి గోడబొమ్మ స్కెచ్ చూపిస్తే, ఇల్లు పోగొట్టుకున్న ఒకావిడ, "మేం చూడనిదా బాబూ, మళ్లీ గుమ్మం ఎదర ఎందుకు" అంది. స్కెచ్ మడిచి పెట్టేశాను. బయటివాళ్లకు అది హెచ్చరికే, ఆవిడకు మాత్రం పొద్దున లేవగానే కనిపించే గాయం.

బొమ్మే కావాలని కుర్రాళ్లు పట్టుబడితే రెండు దారులు. ఒకటి ఇసుక. పూరీలో సుదర్శన్ పట్నాయక్ వాతావరణ మార్పు మీద ఎన్నో సైకత శిల్పాలు చేశారు. అనుమతుల గొడవ తక్కువ, చెత్త మిగలదు, పోటుకు కరిగిపోవడం కూడా పనిలో భాగమే అవుతుంది. మీ ఒడ్డున అంత ఇసుక మిగిలి ఉండాలి, అదొక్కటే. రెండోది చిన్న బొమ్మలు. ఐజక్ కోర్డాల్ 2011లో బెర్లిన్‌లో నీటి గుంటలో చిన్న చిన్న సిమెంటు మనుషులను నిలబెట్టాడు, మెడ దాకా నీళ్లలో. నాయకులు వాతావరణ మార్పు గురించి చర్చిస్తున్నారు అని జనమే దానికి పేరు పెట్టుకుని ప్రపంచమంతా పంచుకున్నారు. సైజు ముఖ్యం కాదని దాన్నిబట్టే తెలుస్తుంది. బడి ఆవరణలో ఒక తొట్టె చాలు.

పని ఎలా చేయాలో క్లుప్తంగా. ఫోన్లోని జీపీఎస్ ఎత్తును నమ్మకండి, మీటర్ల కొద్దీ తప్పు చూపిస్తుంది. లెవెల్ పైపు ఇరవై ముప్పై అడుగులది కొనండి, లోపల గాలి బుడగ లేకుండా నింపండి, ఒక గోడనుంచి ఇంకో గోడకు వెళ్లిన ప్రతిసారీ వెనక్కి తిరిగి సరిచూసుకోండి. వీధి చివరికి వెళ్లాక మొదటి గోడకు మళ్లీ తీసుకొస్తే, తేడా వేలెడు కంటే ఎక్కువ ఉండకూడదు. ఎనామెల్ పెయింటు ఉప్పు గాలికి రెండేళ్లకే పెచ్చులూడుతుంది. విరిగిన టైల్స్ ముక్కలు అతికించండి, టైల్స్ షాపుల్లో దాదాపు ఉచితంగా ఇస్తారు, ఉప్పు వాటిని ఏమీ చేయదు. అరచేయి వెడల్పు పట్టీ చాలు. గోడకు ఉప్పు పొంగి ప్లాస్టరింగ్ గుల్లబారి ఉంటే ముందు ఆ మేరకు కొట్టేసి కొత్తది వేయించండి, లేకపోతే టైల్స్ గోడతోపాటే రాలతాయి. ముందుగా ఒక్క వీధిలో ముగ్గుపిండితో, సున్నంతో తాత్కాలికంగా గీసి నెల రోజులు ఉంచండి. జనం ఏమంటారో వినండి. గీత చోటు తప్పైతే ఎవరో ఒక అవ్వ వచ్చి చెబుతుంది, ఆ మాటను నమ్మి మళ్లీ కొలవండి.

ఒడ్డు దూరం ప్రతి ఏడాదీ ఒకే రోజు కొలవాలి. వర్షాకాలంలో ఇసుక పోయి ఎండాకాలంలో కొంత తిరిగి వస్తుంది కాబట్టి, వేర్వేరు నెలల్లో కొలిస్తే లెక్క తప్పుతుంది. నేనైతే కార్తీక పౌర్ణమి పెట్టుకుంటాను. పున్నమి కాబట్టి పోటు పెద్దది, సముద్ర స్నానాలకు ఊరంతా ఎలాగూ ఒడ్డునే ఉంటుంది. ఆ పూట తుపాను వాతావరణం ఉంటే తర్వాతి పున్నమికి జరపండి. మీరు ఎంచుకున్న గోడ మూల దగ్గర టేపు ఒక కొస పట్టుకుని, రెండో కొస నీళ్లు వచ్చి ఆగిన చోటుకు ఒక పిల్లవాడి చేత పట్టించండి. వచ్చిన అడుగులు, తేదీ గోడ మీద రాయండి. దాని కింద తర్వాతి ఏళ్లకు ఖాళీ వదలండి.